‘అడిగినవి’ నోట్‌బుక్ ఉన్న లైబ్రరీ: ఇబ్రహీంపట్నం దాటాక మా ఊరిది

మా ఊరి లైబ్రరీకి రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గిందో కూడా కింద రాశాను, అది చదవకుండా వెళ్లకండి. నేను ఉండేది ఎల్బీనగర్‌లో. అమ్మ ఊళ్లోనే ఉంటుంది. ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే మా ఊరు వస్తుంది. నెలకు రెండు ఆదివారాలన్నా వెళ్తాను. ఊరి పేరు, లైబ్రరీ నడిపే అక్క పేరు రాయడం లేదు, ఆమె వద్దంది. ఒకసారి ఎవరో వీడియో తీసి పెడితే వారం పాటు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చాయట, పని చేసుకోనివ్వలేదట.

నా చిన్నప్పుడు అది పంచాయతీ ఆఫీసు వెనక ఒక గది. రెండు బల్లలు, రెండు తెలుగు పేపర్లు, ఒక బీరువా. బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున పదింటికి తెరిచేవాళ్లు, అప్పటికి పనులకు పోయేవాళ్లంతా పోయేవాళ్లు. తర్వాత అదీ మూతపడింది. నాలుగేళ్ల కింద రిటైరైన ఒక టీచర్ సార్, సిటీలో ఉద్యోగాలు చేస్తున్న మా ఊరి పిల్లలు కలిసి నెలకు ఇంత అని వేసుకుని, పంచాయతీని అడిగి ఆ గది తీయించి సున్నాలు వేయించారు. డిగ్రీ చదివి పెళ్లయ్యాక ఊళ్లోనే ఉన్న ఒక అమ్మాయికి అప్పజెప్పారు. ఇప్పుడు ఊరంతా ఆమెను పుస్తకాలక్క అంటారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా.

మొదట ఆమె మార్చింది టైమింగ్స్. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. మధ్యాహ్నం తెరవదు, ఎందుకంటే మధ్యాహ్నం ఊళ్లో ఎవరూ ఖాళీగా ఉండరు. ఇంత చిన్న విషయం అనిపిస్తుంది కానీ, నేను చూసిన చాలా లైబ్రరీలు ఆఫీసు వేళల్లోనే నడుస్తాయి, ఆఫీసు వేళల్లో కూలికి పోయే మనిషికి అవి ఉన్నా లేనట్టే.

ఇక అసలు సంగతి, ఆ నోట్‌బుక్. టేబుల్ మీద రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్ ఉంటుంది, అట్ట మీద స్కెచ్ పెన్‌తో ‘అడిగినవి’ అని రాసి ఉంటుంది. ఎవరు ఏది అడిగినా, దొరకకపోతే, వాళ్లు అన్న మాట అన్నట్టే అందులో రాస్తుంది. పుస్తకం పేరే అక్కర్లేదు. ‘కోళ్లు ఒకటొకటే చస్తున్నయ్’, ‘నా కొడుకు లెక్కల్ల వీక్’, ‘షుగరున్నోళ్లు ఏం తినాలె’ ఇట్లాంటివే ఎక్కువ. పక్కన తేదీ. వారం లోపల ఏదో ఒక జవాబు తెచ్చిపెడితే ఎర్ర పెన్నుతో టిక్కు. టిక్కు పడనివి ప్రతి నెలాఖరున సార్‌తో కూర్చుని మళ్లీ చూస్తారు. నేను ఆ నోట్‌బుక్ పేజీలు తిప్పి చూశాను, పోయినేడు టిక్కు లేనివి చాలా తక్కువ కనిపించాయి. కంప్యూటర్, ఫోన్, టీవీ ఇవన్నీ ఆ గదిలో ఉన్నాయి, కానీ వాటన్నిటినీ నడిపేది ఈ నోట్‌బుక్కే అని నా నమ్మకం.

ఒక ఉదాహరణ నా కళ్ల ముందు జరిగింది కాబట్టి వివరంగా రాస్తాను. పోయిన చలికాలం ఒక సాయంత్రం మా పక్క వీధి పెద్దమ్మ వచ్చింది. ఎకరం చేనులో పచ్చి మిర్చి వేసింది.

“బిడ్డా, మిర్ప చెట్లకు ముడుత వడ్డది. దానికేమన్న బుక్కున్నదా?”

పుస్తకాలక్క వెంటనే పుస్తకం తీయలేదు. “ఆకు పైకి ముడుసుకుంటుందా పెద్దమ్మా, కిందికా?” అని అడిగింది. పెద్దమ్మ అరచెయ్యి పైకి దొప్పలాగా ముడిచి చూపించింది. అది పై ముడత, తామర పురుగుల వల్ల వస్తుంది. కిందికి తిరగబడిన పడవలాగా ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి వల్ల. రెండింటికీ కొట్టే మందు వేరు, తేడా తెలియక షాపులో ఇచ్చింది కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెలుగులో వ్యవసాయ పంచాంగం వేస్తుంది, అందులో మిరప పేజీలు తీసి చదివి వినిపించింది, జెరాక్స్ తీసి ఇచ్చింది. అంతటితో ఆగకుండా ఆకు ఫొటో తీసి దగ్గర పెట్టుకుని, పెద్దమ్మ ఫోన్ నుంచే కిసాన్ కాల్ సెంటర్‌కు చేయించింది. 1800 180 1551, టోల్ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. స్పీకర్ పెట్టి, అవతలి ఆయన చెప్పిన మందు పేరు, మోతాదు తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి ఇచ్చింది. ఇదంతా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మరుసటి వారం ఆ ‘ముడత’ అన్న మాటకు కంప్యూటర్‌లో కూడా చోటు దొరికింది.

కంప్యూటర్ గురించి చెప్తాను, ఇది చాలామందికి పనికొస్తుంది. పాత డెస్క్‌టాప్, దాన్ని నడిపే లినక్స్, అందులో పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే కోహా అనే సాఫ్ట్‌వేర్. డబ్బులు కట్టక్కర్లేదు. దీని కథ నాకు చాలా నచ్చింది. దీన్ని మొదట రాయించుకున్నది న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతంలో పల్లెలకూ చిన్న టౌన్లకూ పుస్తకాలిచ్చే లైబ్రరీ ట్రస్టు. వాళ్ల పాత సిస్టమ్ 2000వ సంవత్సరాన్ని తట్టుకోదని తేలితే, మార్కెట్లో ఉన్నవి తమకు నప్పక, ఒక చిన్న కంపెనీతో కొత్తది రాయించుకుని 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టారు, రాయించుకున్నదాన్ని అందరికీ ఊరికే ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఎక్కడో ఆ మూల ఒక పల్లె లైబ్రరీ వాళ్లు తమ అవసరం కోసం చేసుకున్నది ఇవాళ ప్రపంచమంతా వేల లైబ్రరీల్లో ఉంది, మా ఊళ్లో పాలు పోసి వచ్చిన మనిషి కార్డు మీద బార్‌కోడ్ చూసి ‘టిక్’ మంటోంది.

అయితే తెలుగు పుస్తకాల దగ్గరికొచ్చేసరికి చిక్కులు మొదలయ్యాయి. మొదట్లో సిటీ నుంచి వచ్చిన పిల్లలు పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి ఎక్కించారు. ముగ్గురు కూర్చుంటే ఒకే ‘వ్యవసాయం’ మూడు స్పెల్లింగులైంది. వెతికితే ఒక దానికి ఒకటి దొరకదు. మళ్లీ మొదటి నుంచి తెలుగు అక్షరాల్లోనే (యూనికోడ్‌లో) ఎక్కించారు, రెండు నెలలు పట్టింది. అప్పుడు ఇంకో చిక్కు: పాత పుస్తకాల అట్టల మీద ‘వైద్యము’, ‘భారతము’ అని ఉంటుంది, మనం వెతికేటప్పుడు సున్నా పెట్టి ‘వైద్యం’ అని కొడతాం, మిషన్‌కు అవి రెండూ వేరు వేరు మాటలు. దీనికి పుస్తకాలక్క కనిపెట్టిన మార్గం ఆ నోట్‌బుక్ నుంచే వచ్చింది. అట్ట మీది పేరు ఉన్నది ఉన్నట్టే ఉంచి, దాని కింద జనం అడిగే మాటలు కూడా ఎక్కించింది. షుగర్, బీపీ, ముడత, కుట్టు పని, పొలం కాగితాలు, గ్రూప్ ఫోర్ (ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష). మధుమేహం అని అట్ట మీద ఉన్న పుస్తకం మా ఊళ్లో ‘షుగర్’ అని కొట్టినా బయటికి వస్తుంది, ఎందుకంటే ఊళ్లో ఎవరూ మధుమేహం వచ్చిందని చెప్పుకోరు. సిటీలో పెద్ద పెద్ద లైబ్రరీల కేటలాగుల్లో కూడా నాకు ఈ సుఖం దొరకలేదు.

పుస్తకాలు గదిలోనే ఉండవు. వారంలో మూడు రోజులు పొద్దున పాల కేంద్రం దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. వెన్న శాతం చూసి రాసుకునే వరకు అందరూ నిలబడాల్సిందే కదా, ఆ పది పదిహేను నిమిషాల్లో పాతవి ఇచ్చేస్తారు, కొత్తవి తీసుకుంటారు. పాలు పడి తడవకుండా పుస్తకాలకు కవర్లు వేసి ఉంటాయి. గురువారం స్కూటీ మీద తండాకు పోతుంది. మహిళా సంఘం మీటింగు ఉన్న రోజు అక్కడ, రేషన్ ఇచ్చే రోజుల్లో రేషన్ షాపు అరుగు మీద. అంగన్‌వాడీలో బొమ్మల పుస్తకాలు విడిగా ఉంటాయి. ఫోన్‌లోనే బార్‌కోడ్ చూసి రాసుకుంటుంది, నెట్ లేకపోతే చేత్తో రాసుకుని రాత్రి ఎక్కిస్తుంది.

పుస్తకం మనిషి దగ్గరికి పోవడం మన దగ్గర కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కొల్లిపర వైపు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు, ఒడ్డు ఒడ్డుకూ ఆగి పుస్తకాలిచ్చేవాళ్లు. అంతకు ముందే 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి లాంటివాళ్లు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగారు. ఇక్కడ హైదరాబాద్‌లో అయితే నిజాం కాలంలోనే, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్లు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు, సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. టీచర్ సార్ ఈ పేర్లన్నీ గది గోడ మీద ఛార్టు కట్టి పెట్టాడు. ఆ ఛార్టు కిందే స్కూటీ హెల్మెట్ తగిలించి ఉంటుంది, నాకు ఆ రెండూ కలిపి చూడటం ఇష్టం.

వాట్సాప్ వాడకం చూసి నేను నేర్చుకున్నాను. అందరిలాగా గ్రూపులో లిస్టు టైపు చేసి పెట్టదు. ప్రతి శనివారం రాత్రి ఒక నిమిషం వాయిస్ మెసేజ్: ఈ వారం ఏం వచ్చాయి, ఎవరు అడిగినదానికి జవాబు దొరికింది, అంగన్‌వాడీలో టీకాలు ఎప్పుడు. చదవలేనివాళ్లూ వింటారు, మా అమ్మ రెండు సార్లు వింటుంది. మొదట్లో మామూలు గ్రూపు ఉండేది, అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపించేవి, ఇద్దరు ఆడపిల్లలకు తెలియనివాళ్ల నుంచి మెసేజ్‌లు వచ్చాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి చూసింది, అది మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే పోతుంది కాబట్టి సగం మందికి అందలేదు. చివరికి వాట్సాప్‌లోనే ఉండే కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్స్‌కు మార్చింది, అక్కడ ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. ఊళ్లో లైబ్రరీ గ్రూపు పెట్టాలనుకునేవాళ్లు ఇది మొదటి రోజే చూసుకోవాలి.

ఉద్యోగాల పిల్లల సంగతి. మా అక్క కూతురు రెండేళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర హాస్టల్‌లో ఉండి చదివింది. ఆ లైబ్రరీ ఎంతమందికి దారి చూపించిందో నాకు తెలుసు, పొద్దున్నే సీటు కోసం లైన్లో నిలబడే ఆ పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ హాస్టల్ ఫీజు, తిండి ఖర్చు మా బావ మోయలేకపోయాడు, పిల్ల ఊరికి తిరిగొచ్చింది, చాలా రోజులు గదిలోంచి బయటికి రాలేదు. పుస్తకాలక్క ఇంటికి పోయి పిలిచింది. ఇప్పుడు రోజూ సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో స్కూలు పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి, అది ఎలా వెతకాలో నేర్పించింది. టీజీపీఎస్సీ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు పెట్టే కమిషన్) వన్ టైమ్ రిజిస్ట్రేషన్, అప్లికేషన్, హాల్ టికెట్ ప్రింటు అన్నీ ఇక్కడే, పేజీకి రెండు రూపాయలు. ఇదివరకు ఒక్క ఫారం కోసం ఇబ్రహీంపట్నం పోయి సగం రోజు, బస్సు చార్జీ, నెట్ సెంటర్ డబ్బులు పోయేవి. చివరి రోజు సర్వర్ బిజీ అని వచ్చే టెన్షన్ వేరే.

కోచింగ్ సెంటర్ల మెటీరియల్ పీడీఎఫ్‌లు పంపమని పిల్లలు అడుగుతారు, ఆమె పంపదు. కాపీరైట్ లేనివే ఇస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్లు గడిస్తే పుస్తకం అందరిదీ అవుతుంది, అట్లాంటివి వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్లలో తెలుగులో బోలెడున్నాయి. ఆర్కైవ్‌లోవి చాలావరకు పేజీల ఫొటోలు, ఫైలు బరువు ఎక్కువ, చిన్న ఫోన్లలో తెరుచుకోవడానికే కష్టపడతాయి. వికీసోర్స్‌లో మనుషులు దిద్దిన అక్షరాలు ఉంటాయి, వెతకొచ్చు, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. పెద్దవాళ్లకు అదే చూపిస్తుంది.

పిల్లలకు ఆదివారం సాయంత్రం కథలు. ఎవరో ఇచ్చిన పాత టీవీకి ఫోన్ కలిపి, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ నుంచి తెలుగు కథలు పెట్టి, పేజీకొకరు చదువుతారు. తండా పిల్లలు అదే కథను లంబాడీలో చెప్తారు, మిగతావాళ్లు వింటారు. కరెంటు పోతే టార్చ్ వేసి పుస్తకమే చదువుతారు.

నెట్ పోయినప్పుడు ఏం చేస్తారని అడిగాను. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ చూపించింది. అందులో కివిక్స్ యాప్, తెలుగు వికీపీడియా ఒకసారి దించుకుని పెట్టుకున్నారు. ఆ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే చుట్టూ ఉన్న ఫోన్లన్నీ నెట్ లేకుండానే అందులోంచి చదువుకోవచ్చు. పడేసిన ఫోన్‌తో అయ్యే పని ఇది.

ఇంకొకటి మా అమ్మ కోసం రాయాలి. ఫోన్‌లో ఎవరో ఓటీపీ అడిగితే చెప్పబోయిందట, మహిళా సంఘం మీటింగులో విన్నది గుర్తొచ్చి ఆగిందట. పుస్తకాలక్క అక్కడ ఒక అరగంట చెప్పింది, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి అని. లైబ్రరీలో ఫారం నింపేటప్పుడు కూడా ఆమె ఎవరి ఓటీపీనీ నోటితో చెప్పనివ్వదు, మీరే కొట్టండి అని కీబోర్డు వాళ్ల వైపు తిప్పుతుంది. అమ్మ ఆ రోజు ఫోన్ పెట్టేసి నాకు చేసింది, గొంతు వణుకుతోంది. నాకు అప్పుడు ఆ లైబ్రరీ మీద ఎంత కృతజ్ఞత కలిగిందో మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు తగ్గించిన అర. ఆడవాళ్లకు బాత్‌రూం లేదు. పంచాయతీ ఆఫీసుది ఉంది, సాయంత్రం ఐదింటికి దానికి తాళం పడుతుంది. ఎనిమిదిన్నర దాకా కూర్చుని చదివే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తున్నారు, ఇది చిన్న లోపం కాదు, నాలుగేళ్లు అయ్యింది, ఇంకా కాలేదు. రెండోది, అంతా ఒక్క మనిషి మీద ఉంది. పోయిన ఎండాకాలం ఆమెకు టైఫాయిడ్ వస్తే పన్నెండు రోజులు తాళం. పుస్తకాలిచ్చే పని వేరేవాళ్లు చేసినా ఆ నోట్‌బుక్ పని ఎవరూ చేయలేకపోయారు. మూడోది బ్యాకప్. ఒకసారి కరెంటు ఎగిరి హార్డ్ డిస్క్ పోయింది, మూడు వారాల లావాదేవీలు పోయాయి, ఆమె చేత్తో రాసుకున్న రిజిస్టర్ ఉండబట్టి మళ్లీ ఎక్కించారు. సాఫ్ట్‌వేర్ పెట్టిన అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడు, ఇప్పుడు వారానికోసారి పెన్ డ్రైవ్‌లోకి తీసి సార్ ఇంట్లో పెడుతున్నారు. అది రోజూ జరగాలి, ఊళ్లోనే ఇంకొకరికి ఆ పని రావాలి.

లైబ్రరీకి పుస్తకాలు ఇస్తామనే సిటీవాళ్లకు ఒక మాట. నేను మొదటిసారి పోయినప్పుడు ఇంట్లో ఉన్న పాత ఇంజనీరింగ్ గైడ్లు రెండు అట్టపెట్టెలు తీసుకుపోయాను, చాలా పుణ్యం చేస్తున్నాననుకున్నాను. ఆమె కూర్చోబెట్టి టీ ఇచ్చి, “అన్నా, ఇవి పెట్టడానికి నాకు బీరువా లేదు, చదవడానికి మనిషి లేడు” అని చెప్పింది. నేను తప్పు చేశానని అప్పుడు అర్థమైంది. అడగకుండా తెచ్చేది ఆమెకు మోయాల్సిన బరువు. ఆమె ఇచ్చిన లిస్టులో ఉన్నవి నెలనెలా కరెంట్ అఫైర్స్, పెద్ద అక్షరాల పుస్తకాలు, రెండు పవర్ బ్యాంకులు, పుస్తకాలకు వేసే కవరు రోల్.

ప్రభుత్వం సంగతి అడిగేవాళ్లుంటారు. మన ఇంటి పన్ను రశీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది, 1960 నాటి చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మా ఊళ్లో కూడా కడుతున్నాం. ఈ గదిని సంస్థ శాఖగా తీసుకోమని సార్ అర్జీ పెట్టాడు. శాఖ అయితే జీతం, పుస్తకాలు, ఒక బాత్‌రూం అడిగే హక్కు వస్తాయి. నాకున్న ఒకే భయం, అప్పుడు టైమింగ్స్ మళ్లీ పదింటి నుంచి అవుతాయేమో అని. అర్జీలోనే పొద్దున ఆరున్నర అని రాయమని సార్‌కు చెప్పాను, రాశాడు.

చూడాలనుకునేవాళ్లు కామెంట్‌లో అడగండి, ఆమెను అడిగి దారి చెప్తాను, ఆదివారం సాయంత్రం అయితే కథల టైమ్. నేను ఈ ఆదివారం పొద్దున ముందు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఆగి వెళ్తాను, ‘అడిగినవి’లో టిక్కు పడని పేజీ ఫొటో నా ఫోన్‌లో ఉంది. అందులోవి ఇప్పటికే మూడు దొరికాయి. నాలుగోది తండా నుంచి ఒకామె అడిగింది: బ్లౌజు కటింగ్ నేర్పే పుస్తకం, కొలతలు తెలుగులో ఉండాలి, బొమ్మలు పెద్దగా ఉండాలి, ఆమెకు అక్షరాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. కోఠిలో రెండు సార్లు వెతికాను, దొరికినవన్నీ చిన్న అక్షరాలవి. మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన టైలర్ దగ్గర గానీ అట్లాంటిది ఉంటే శనివారం లోపల చెప్పండి, ఎల్బీనగర్ నుంచి సిటీలో ఎక్కడికైనా నేనే వచ్చి తీసుకుంటాను.